వేళ్ళు విప్పి వద్దంటే

మా ఇళ్ళల్లో ఎవరైనా వడ్డించడానికి వస్తే మొదటిసారి వద్దనాలి. ఇది నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మా అమ్మ అనేది, మా అత్త అనేది, పెళ్ళి బంతిలో కూర్చున్న ఆడవాళ్ళందరూ అనేవారు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దొద్దు, సాలు" అంటారు. గరిటె పట్టుకున్న మనిషి ఆ మాట వినదు, చెయ్యి చూస్తుంది. వేళ్ళు దగ్గరగా మూసి ఉంటే నిజంగానే కడుపు నిండిందని. వేళ్ళు విప్పి ఉంటే పొయ్యమని. మొదటిసారి అడగ్గానే "పొయ్యి" అనే ఆడమనిషిని మా ఊళ్ళో తిండికి మొహం వాచినదానిలా చూసేవారు. రెండోసారి అడగకుండా వెళ్ళిపోయే మనిషిని అంతకంటే తక్కువగా చూసేవారు.

మస్కట్‌లో ఒక పాత ఫ్రెంచి భోజనశాలలో ఈ అలవాటు మా అమ్మాయి ఉద్యోగం మీదికి వచ్చింది. ఆ మధ్యాహ్నం సంగతి ఇది.

మేము ఉండేది మస్కట్‌కు కొంత దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న ఖురియాత్‌లో. మా ఆయన మొదట ఒక కంపెనీలో కట్టడం పనికి వచ్చి, ఏళ్ళ తరబడి క్యాంపుల్లో ఉన్నాడు. ఆయన తండ్రి మా ఊళ్ళో బట్టలు కుట్టేవాడు. ఆ విద్య చేతిలో ఉంది కాబట్టి చివరికి ఖురియాత్‌లో ఒక దర్జీ దుకాణంలో కుదిరాడు. ఒమానీ మగవాళ్ళు వేసుకునే పొడుగు తెల్లని అంగీలు కుడతాడు. అప్పుడే నన్ను పిలిపించుకున్నాడు. మా అమ్మాయి హైదరాబాద్‌లో హోటలు చదువు చదివి, తర్వాత తనూ ఇక్కడికే వచ్చింది. మస్కట్‌లో సముద్రం ఒడ్డున ఉన్న పాత హోటల్లో, మేడ మీది ఫ్రెంచి హాల్లో వడ్డించే పని. వారానికొకసారి సెలవు దొరికితే ఖురియాత్ వస్తుంది.

అలా వచ్చిన ఒక రోజు నా ఎదురుగా కింద కూర్చుని బెండకాయలు తరుగుతూ చెప్పింది.

"అమ్మా, ఈసారి కెప్టెన్ పరీక్షకు నా పేరు పెట్టిండ్రు."

"పరీక్షంటే? రాసుడా?"

"రాసుడు కాదు, వడ్డించుడు. మీ ఇద్దరికే."

కిటికీ దగ్గర మిషను తొక్కుతున్న మా ఆయన ఆపేశాడు. "మాకా? మేమేం దొరలమా బిడ్డా?"

"ఆ ఒక్క దినం దొరలే బాపూ."

ఆ హాలుకు ఒక పద్ధతి ఉందట. దాన్ని పెట్టిన మొదటి ఫ్రెంచాయన కాలం నుంచీ ఉన్నదట. కెప్టెన్, అంటే వడ్డించేవాళ్ళ మీద పెద్ద, కావాలనుకున్నవాళ్ళు తమ సొంత మనుషులను కూర్చోబెట్టి, మొత్తం భోజనం మొదటి నుంచి చివరి దాకా వడ్డించాలి. తెలియని పెద్దమనిషి ముందు వంగి నిలబడటం ఎవరైనా చేస్తారు. నిన్న ఫోన్లో పోట్లాడిన అమ్మ ముందు అదే మర్యాదతో నిలబడగలిగితే ఆ పని వచ్చినట్టని వాళ్ళ లెక్క. హాలుకు పెద్ద ఒక ముసలి ఫ్రెంచాయన. ఆయన స్తంభం పక్కన నిలబడి చూస్తూ ఉంటాడు. చేతిలో కాగితం కూడా ఉండదట.

"ఆడ నేను నీ బిడ్డను కాదు" అంది మా అమ్మాయి. "నువ్వు మేడమ్‌వి. ఇంటి మాట మాట్లాడొద్దు, సైగ చెయ్యొద్దు. నేను చేసినా తప్పే."

"మరి నేనేమనాలె?"

"నీకేమనిపిస్తే అది. ముందుగాల నేర్పి తీస్కరావద్దని గూడ ఉంది. ఇదే ఎక్కువ చెప్పిన. ఆఖర్ల నిప్పు మీద చేసే తీపి ఒకటి ఉంటది. బండి మీద పొయ్యి పెట్టుకొని టేబుల్ ముందట్నే చెయ్యాలె. దానికోసమే ఇన్ని దినాల సంది చెయ్యి తిప్పుడు నేర్చుకుంటున్న. అసలు పరీక్ష అదే."

"ఒకవేళ కాకపోతే?" అని అడిగాను.

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "దుక్మ్‌ల కొత్త హోటల్ తెరుస్తున్నరు. కెప్టెన్ కానోళ్ళను ఆడికి పంపుతరు."

దుక్మ్ అంటే మాకు తెలుసు. మా ఆయన అక్కడ రేవు కడుతున్నప్పుడు క్యాంపులో ఉండి వచ్చాడు. పొద్దున బయలుదేరితే చేరేసరికి సాయంత్రమయ్యే దూరం. కానీ మా అమ్మాయికి దిగులు దూరం గురించి కాదు.

"ఆడ బఫే అమ్మా. ఎవరికి వాళ్ళు పెట్టుకొని తింటరు. వడ్డించుడే ఉండదు. గిన్నెలు నింపుడు, పళ్ళాలు తీసుడు. నేను ఇన్నేండ్లు నేర్చుకున్నది ఏంజేసుకోవాలె?"

పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే ఇది పెళ్ళిళ్ళలో పచ్చిపులుసు బకెట్ పట్టుకుని బంతుల మధ్య తిరిగేది. ఎవరి విస్తట్లో ఏం అయిపోయిందో అడగకుండానే పట్టేసేది. ముసలివాళ్ళ దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడేది. దాని చేతికి వడ్డన పుట్టుకతో వచ్చిందని మా ఆడబిడ్డ అనేది. అటువంటి పిల్ల గిన్నెలు నింపుతూ కూర్చోవడం నాకూ మింగుడుపడలేదు.

శనివారం మధ్యాహ్నం ఆ హాలు బయటివాళ్ళకు ఉండదు. పరీక్ష అప్పుడే పెట్టారు. దుకాణం అర్బాబు, అంటే యజమాని, తన కారు ఇచ్చాడు. నేను పచ్చంచు పట్టుచీర కట్టుకున్నాను. మా ఆయన తనకు తాను కుట్టుకున్న కోటు వేసుకున్నాడు. కొండల మధ్య రోడ్డులో వస్తున్నంతసేపూ "మేడమ్, మేడమ్" అని నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

ఆ హోటల్ కట్టినప్పుడు చుట్టుపక్కల ఇసుక, చేపల వలలు తప్ప ఏమీ లేవట. ఇప్పుడు దాని రెండు పక్కలా అద్దాల భవనాలు లేచాయి. లోపల మాత్రం ఏమీ మార్చలేదు. మెట్ల మీద పరిచిన ఎర్ర తివాచీ మధ్యలో అరిగి రంగు తేలింది. హాలు తలుపు పక్కన గోడకు మొదటి రోజు తీసిన ఫొటో ఉంది. తెల్ల టోపీల వంటవాళ్ళు, నల్ల కోట్ల వడ్డనవాళ్ళు, వాళ్ళ వెనక కిటికీలోంచి ఖాళీ సముద్రం. లోపల కూర్చుంటే ఇప్పటికీ అదే కిటికీ.

మమ్మల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. కుర్చీ వెనక్కి లాగి, నేను కూర్చునేటప్పుడు సరిగ్గా మోకాళ్ళ వెనక్కి జరిపింది మా అమ్మాయే. తెల్ల కోటు, తెల్ల చేతి తొడుగులు, బిగించి ముడి వేసిన జుట్టు. నా మొహం వంక చూసి, "నమస్కారం మేడమ్, దయచేయండి" అంది. టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా ఉంది ఆ గొంతు. నాకు నవ్వు వచ్చింది. మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కాడు.

టేబుల్ మీది తెల్లగుడ్డ నేల దాకా వేలాడుతోంది. ఆయన దాని అంచు తిరగేసి చూశాడు. "చేత్తో మడిచి కుట్టిండ్రు. మిషను కాదు" అన్నాడు మెల్లగా. ఆ మాట తర్వాత ఆయనకు ఆ హాలంటే భయం పోయినట్టుంది, కుర్చీలో వెనక్కి వాలాడు.

భోజనాల పట్టీ గట్టి అట్ట మీద ఉంది. నా చేతికి కూడా ఒకటి ఇచ్చారు. కొన్నేళ్ళ కిందట అయితే దాన్ని తిరగేసి ఒళ్ళో పెట్టుకునేదాన్ని. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దగ్గర పడ్డాక. ఖురియాత్‌లో మా వీధిలోనే గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక నర్సు ఉండేది. ఒకరోజు మందు సీసా మీద ఏముందో చదవమని వెళ్తే, చదివి పెట్టి, "పిన్నిగారూ, మీరే నేర్చుకోవచ్చు కదండీ? సాయంత్రాలు నాకు ఖాళీయేనండి" అంది. "నాకెందుకమ్మా ఈ వయసుల" అన్నాను. ఆమె సరేనని ఊరుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. మర్నాడు తలుపు కొట్టి, "నిన్న వద్దన్నారు కదా, ఇవాళ ఏమంటారండీ?" అని నవ్వింది. ఆమె చంకలో పలక ఉంది. తెలుగు అయ్యాక ఇంగ్లీషు అక్షరాలు కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

అందుకని ఆ పట్టీ చదవబోయాను. అక్షరాలన్నీ నాకు తెలిసినవే. కలిపితే మాత్రం తెలిసిన మాట ఒక్కటీ కాలేదు. ఫ్రెంచి అది. అయినా ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చివరి దాకా చదివాను. తెలియకపోవడం వేరు, చదవలేకపోవడం వేరు. ఆ తేడా నాకు బాగా తెలుసు కాబట్టి దర్జాగానే అట్ట మూసి పక్కన పెట్టాను.

మొదట బ్రెడ్డు వచ్చింది. వెండి బుట్టలో గుడ్డ కప్పి తెచ్చింది మా అమ్మాయి. వేడివేడిగా కమ్మటి వాసన.

"మేడమ్, బ్రెడ్ తీసుకుంటారా?"

"వద్దొద్దు" అన్నాను.

"అలాగే మేడమ్" అని ఆయన వైపు తిరిగింది.

"నాకు రెండు" అన్నాడాయన.

అది వెళ్ళాక నేను పళ్ళు బిగబట్టి, "జర సిగ్గుండాలె మనిషికి" అన్నాను.

"క్యాంపు మెస్సుల సిగ్గుపడ్డోడు పస్తులే ఉన్నడు. అడిగిన్నాడే పట్టాలె. ఇంద, ఒకటి తీస్కో."

నేను తీసుకోలేదు. బుట్ట మళ్ళీ వస్తుందనుకున్నాను. రాలేదు.

తర్వాత సూపు. వెడల్పు పళ్ళెంలో పోస్తే అడుగున ఉన్న నీలం పువ్వు స్పష్టంగా కనిపించింది. ఇది వేడినీళ్ళు కాబోలనుకున్నాను. నోట్లో పెట్టుకుంటే ఒక పెద్ద గంజు నిండా కోడిమాంసం ఉడికించి దాని రుచంతా ఒక చెంచాలోకి తీసినట్టుంది. ఆయన చెంచా పక్కన పెట్టి పళ్ళెం ఎత్తి తాగబోయాడు. ఈసారి నేను కాలు తొక్కాను. సూపు అయ్యాక అలవాటుగా ఆయన పళ్ళెం నా పళ్ళెం మీద పెట్టి లేవబోయాను. మా అమ్మాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని, "నేను తీస్తాను మేడమ్" అని నా భుజం దగ్గర నిలబడింది. మళ్ళీ కూర్చున్నాను. నా పెళ్ళయినప్పటి నుంచి తిన్న పళ్ళెం నేను కడగకుండా పోయిన భోజనం అదేనేమో. అది నాకు నచ్చింది. చెప్పడానికి మొహమాటం లేదు.

మూడోది చేప. మా ఖురియాత్ ఒడ్డున దొరికే కనద్ చేప, మనం వంజరం అంటామే, అదే. చక్కగా ముల్లు తీసి, తోలు మాత్రం కరకరలాడేలా వేయించి పెట్టారు. ఆయన మొహం వెలిగిపోయింది. "మనూరి చేపకు ఎంత మర్యాదనే!"

మా అమ్మాయి చిన్న వెండి గిన్నెతో వచ్చింది. దానికి పక్షి ముక్కులాంటి మూతి ఉంది. లోపల వెన్నతో చేసిన తెల్లటి సాసు.

"మేడమ్, సాస్ వేయమంటారా?"

నా నోరు దానంతటదే, "వద్దు, సాలు" అంది. నా చెయ్యి పళ్ళెం మీదికి పోయింది. వేళ్ళు విప్పి ఉన్నాయి.

మా అమ్మాయి నా చేతిని చూసింది. చూసి ఆగింది. గిన్నె మూతి నా పళ్ళెం పైనే ఉంది. ఒక చుక్క అంచుదాకా వచ్చి నిలబడింది. మా అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు ఏడుపు ఆపుకున్నప్పుడు అట్లాగే ఎర్రబడేవి. తర్వాత గిన్నె నిలువుగా పట్టుకుని, "అలాగే మేడమ్" అని వెళ్ళిపోయింది. ఆయనకు మాత్రం నిండా పోసింది.

నాకు మొదట కోపం వచ్చింది. కన్నకూతురు నా చెయ్యి చూసి కూడా వెళ్ళిపోయింది. పక్కింటి మనిషి కూడా అట్లా చెయ్యదు. పొడిపొడిగా ఉన్న చేప రెండు ముక్కలు తిని, ఫోర్కు పట్టుకుని కూర్చున్నాను. ఆయన తన పళ్ళెం నా వైపు జరిపాడు. "అద్దుకోరాదు?"

అప్పుడు స్తంభం వైపు చూశాను. ముసలాయన అక్కడే ఉన్నాడు. పల్చటి మనిషి, తెల్లని జుట్టు, చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. ఆయన చూస్తున్నది మా అమ్మాయిని కాదు, నా పళ్ళేన్ని. నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఇక్కడ ఒకసారే అడుగుతారు. బ్రెడ్డు బుట్ట రాకపోవడానికి కారణం అదే. వచ్చినవాళ్ళు వద్దంటే వద్దనే. మళ్ళీ అడిగితే ఇంటి మనిషి మాట అవుతుంది. నా వేళ్ళు చదవడం వచ్చిన ఒకే ఒక్క మనిషి ఆ హాల్లో మా అమ్మాయి. చదివినట్టు బయటపడితే పరీక్ష పోతుంది.

ఇక నుంచి అడిగిన వెంటనే కావాలంటానని గట్టిగా అనుకున్నాను.

తర్వాతి వంట గొర్రెపిల్ల మాంసం. రెండు వెండి మూతలు మా ఇద్దరి ముందు ఒక్కసారే ఎత్తారు. ఇంకో పక్క నిలబడి సాయం చేసిన కుర్రవాడు, మా అమ్మాయి ఇద్దరి చేతులు ఒకే మనిషి చేతుల్లా లేచాయి. పొగ మొహానికి కొట్టింది. మళ్ళీ ఆ పక్షి ముక్కు గిన్నె. ఈసారి గోధుమరంగు సాసు. ఎముకలు రెండు రోజులు కాచి కాచి చిక్కబరుస్తారట.

"మేడమ్, సాస్ వేయమంటారా?"

కావాలనాలని ఎంత అనుకున్నా, ఆ మాట విన్నాక నా నోరు మళ్ళీ "వద్దు" అనే అంది. యాభై ఏళ్ళ నోరు అది, గంటలో మారదు. నాలుక కరుచుకున్నాను.

మా అమ్మాయి ఈసారి ఆగలేదు. "అలాగే మేడమ్" అంది. అంటూనే చిన్న పళ్ళెం ఒకటి పరిచి, దాని మీద ఆ గిన్నె పెట్టింది. పిడి నా కుడిచేతి వైపు తిప్పింది. నా మొహం వైపు చూడనే లేదు. ఆయన వైపు వేరే గిన్నెతో వెళ్ళిపోయింది.

నేను గిన్నె ఎత్తి పోసుకున్నాను. కొంచెం కాదు, ముక్కలు మునిగేదాకా పోసుకున్నాను. ఆ సాసు రుచి చెప్పడానికి నాకు మాటలు రావు. ముదురుగా మెరుస్తూ, తియ్యగా కాదు, పుల్లగా కాదు, మా అత్త బొక్కల చారు ఇగరబెట్టి ఇగరబెట్టి వదిలేస్తే అడుగున మిగిలే ఆ నాలుగు చుక్కల రుచికి దగ్గరగా ఉంది. చిన్నప్పుడు ఆ చుక్కల కోసం పిల్లలం గంటె నాకేవాళ్ళం.

"పొల్ల ఉషారే" అన్నాడాయన నోటినిండా మాంసంతో. "అడగలే, పొయ్యలే. గిన్నె మాత్రం నీ చేతిల పెట్టి పోయింది."

తల తిప్పకుండా కళ్ళతో స్తంభం వైపు చూశాను. ముసలాయన కదలలేదు. కానీ వెనక్కి కట్టుకున్న చేతులు ముందుకు వచ్చాయి.

బల్ల మీది రొట్టె పొడిని ఒక వెండి పలకతో ఊడ్చి తీశారు. తర్వాత చక్రాల బండి వచ్చింది. దాని మీద చిన్న పొయ్యి, రాగి పెనం, నారింజ పళ్ళు, వెన్న, పల్చగా దోసెల్లా చేసి మడిచిన అట్లు, రెండు సీసాలు. మా అమ్మాయి బండి మా ఎదురుగా ఆపి తొడుగులు సర్దుకుంది. ఇదే అసలు పరీక్ష అని నాకు తెలుసు.

"సర్, మేడమ్, నారింజ రసంతో అట్లు మీ ముందే నిప్పు మీద చేయమంటారా?"

అన్నిటికీ మొదటి పిలుపులోనే సరేనన్న మా ఆయన, ఆ రోజు మొదటిసారి, కోటు గుండీ విప్పుకుని పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. "బస్ బస్. కడుపు పగిలిపోతది. మా ఇద్దరికి ఏమొద్దు."

తీపి ఎట్లాగూ వస్తుందనీ, తను మర్యాదకు అన్నాననీ తర్వాత చెప్పాడు. పెళ్ళిళ్ళలో లడ్డూ వద్దంటే మానేస్తారా మరి!

మా అమ్మాయి మొహం పాలిపోయింది. "అలాగే సర్" అంది. గొంతు మాత్రం మారలేదు. ఆ గొంతు విని నాకు గర్వమూ బాధా ఒకేసారి కలిగాయి. చేతులు బండి పిడి మీదికి వెళ్ళాయి. ఇంటి పెద్ద ఇద్దరి తరఫునా చెప్పేశాడు. ఆ హాలు పద్ధతి ప్రకారం అయిపోయింది. ఇక్కడ గిన్నె పక్కన పెట్టి పోవడానికి లేదు. ఎవరో ఒకరు నోరు తెరిచి అడిగితే తప్ప ఆ పొయ్యి వెలగదు. బండి చక్రం కదిలింది.

"ఆగు" అన్నాను.

నా గొంతు ఆ హాల్లో నేననుకున్నదానికంటే గట్టిగా వినిపించింది.

"సారుకు వద్దేమో. నాకు కావాలె. చెయ్యి."

మా ఆయన నా వైపు చూశాడు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన వద్దన్న దాన్ని నలుగురిలో కావాలని నేనెప్పుడూ అనలేదు. ఆయన కనుబొమలు పైకి లేచాయి, తర్వాత మీసం కింద నవ్వు కనిపించింది. "మేడమ్ అంటున్నరు గద, చెయ్యమ్మా" అన్నాడు.

"తప్పకుండా మేడమ్" అంది మా అమ్మాయి.

పొయ్యి వెలిగింది. వెన్న కరిగింది. చక్కెర వేసి, నారింజ తొక్క గీకి, రసం పిండింది. పెనంలో బుడగలు లేచేసరికి అట్లు ఒక్కొక్కటీ ఫోర్కు, చెంచా మధ్య పట్టుకుని విప్పి, రసంలో ముంచి, మళ్ళీ మడిచింది. ఎక్కడా చిరగలేదు. మా ఇంట్లో మక్కరొట్టె తిరగేసేటప్పుడు మణికట్టు ఎట్లా తిప్పుతుందో అట్లాగే తిప్పింది. తర్వాత సీసా ఎత్తింది.

"మందు పోస్తున్నదే!" అన్నాడాయన నా చెవిలో.

"కాలినంక ఏముంటది, వాసనే. నువ్వు సప్పుడు జెయ్యకు."

పెనం వంచింది. నీలం మంట ఒక్కసారి దాని మోచెయ్యి ఎత్తు దాకా లేచి, అంచుల చుట్టూ తిరిగి, మెల్లగా కిందికి దిగింది. దాని కళ్ళు రెప్ప వెయ్యలేదు. మంట ఆరిపోయాక అట్లు పళ్ళెంలో సర్ది, నా ముందు పెట్టి ఒక అడుగు వెనక్కి జరిగింది.

తిన్నాను. తియ్యగా, పుల్లగా, చివర కొంచెం చేదుగా ఉంది. ఆయన రెండో ఫోర్కు తీసుకుని నా పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. "కడుపు పగిలిపోతదంటివి?" అన్నాను. "జర జాగ దొరికింది" అన్నాడు.

ముసలాయన అప్పుడు స్తంభం వదిలి వచ్చాడు. ఎన్నో ఏళ్ళుగా మస్కట్‌లో ఉన్న మనిషి, హిందీ ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. నా హిందీ కూడా అంతే. అందుకే మాకు బాగా కుదిరింది.

"మేడమ్, సాసు వద్దన్నారు. గిన్నె పక్కన పెడితే పోసుకున్నారు. ఎందుకు?" అని అడిగాడు. అందులో తప్పు పట్టడం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

నేను చెయ్యి పళ్ళెం మీద పెట్టి వేళ్ళు మూసి చూపించాను. "ఇది వద్దని." తర్వాత వేళ్ళు విప్పాను. "ఇది పొయ్యమని. నోటితో రెండిటికీ వద్దనే అంటాం."

ఆయన తన పొడుగాటి చెయ్యి బల్ల మీద పెట్టి, ఒకసారి మూసి, ఒకసారి విప్పి చూసుకున్నాడు. "మా హాల్లో రెండోసారి అడగడం తప్పు. అడిగితే మీ మాట నేను నమ్మలేదని" అన్నాడు.

"మా దగ్గర అడగకపోతే తప్పు. అడగకపోతే మనిషిని చూడలేదని" అన్నాను.

ఆయన నా వేళ్ళ వైపు ఇంకోసారి చూశాడు. తర్వాత మా అమ్మాయి వైపు తిరిగి ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆ మాటలు అది తర్వాత మాకు చెప్పింది. చేప దగ్గర నువ్వు తప్పు చేశావన్నాడు. ఆమె చెయ్యి చూసి ఆగావు, తెలిసి కూడా పొడి చేప వదిలి వెళ్ళావు, మా పద్ధతి వెనక దాక్కున్నావన్నాడు. మాంసం దగ్గర పద్ధతి తప్పకుండా, ఆమె ఆకలీ తప్పకుండా దారి వెతికావు, నేను చూడాలనుకున్నది అదేనన్నాడు. మంట బాగుందన్నాడు, అది ఎవరైనా నేర్చుకోవచ్చునని కూడా అన్నాడు. చివరికి, "వెళ్ళి కోటు మార్చుకో" అన్నాడు.

ఆ హాల్లో వడ్డించేవాళ్ళది తెల్ల కోటు, కెప్టెన్‌ది నల్ల కోటు.

మేము కిందికి దిగి, హోటల్ వెనక పనివాళ్ళ తలుపు దగ్గర కారు పెట్టుకుని ఎదురుచూశాం. మధ్యాహ్నపు ఎండకు కారు తలుపు ముట్టుకోలేనంత కాలింది. కొంచెంసేపటికి మా అమ్మాయి బయటికి వచ్చింది. తొడుగులు తీసేసింది, జుట్టు ముడి సగం ఊడింది, నల్ల కోటు వేసుకుని ఉంది. ఎవరో ఎత్తు మనిషి కోటు అది. కోటు చేతులు వేళ్ళ దాకా కప్పేశాయి.

"అమ్మా!" అని వచ్చి నన్ను పట్టుకుంది. హాల్లో కూర్చున్నప్పటి నుంచి ఆ మాట వినలేదు. "బాపూ, నువ్వు నన్ను సంపినవ్ ఇయ్యాల! బస్ బస్ అంటవా?"

"అరే, మర్యాదకన్న బిడ్డా! మీ అమ్మకే ఉన్నదా మర్యాద?"

"ముప్పై ఏండ్ల సంది లేని మర్యాద నీకు ఇయ్యాల్నే రావాల్నా?" అన్నాను. ముగ్గురం నవ్వాం. అది నవ్వుతూనే కోటు చేత్తో కళ్ళు తుడుచుకుంది.

ఆయన అప్పటికే కోటు చెయ్యి పట్టుకుని కుట్టు తిరగేసి చూస్తున్నాడు. "మంచి గుడ్డ. చేతులు పొడుగైనయ్. భుజాల కాడ గూడ జారుతున్నది."

"ఇటు తే" అన్నాను నేను. "బాపు రేపటికల్లా సరి చేసి పంపుతడు."

"వద్దమ్మా, బాగనే ఉంది. మడుచుకుంట" అంది. కోటును రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. వేసుకుని పావుగంట కూడా కాలేదు, విప్పడానికి దానికి మనసు రావడం లేదు.

ఆ పొడుగు చేతులతో రేపు సాసు గిన్నె పట్టుకుంటే ఎట్లా ఉంటుందో నాకు కనిపించింది.

నేను మళ్ళీ అడిగాను. విప్పి ఇచ్చింది.